పాఠం చెప్పేది ఒకరు, మార్కులు వేసేది మరొకరు

1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు లండన్ విశ్వవిద్యాలయం నమూనాలో పుట్టాయి. అవి పాఠాలు చెప్పలేదు; కళాశాలల్లో చదివినవారికి పరీక్షలు పెట్టి పట్టాలిచ్చాయి. మార్కులపై అధికారం అధ్యాపకుడి చేతిలోంచి జారిపోయింది ఇక్కడే. 1858లో కలకత్తా తొలి బి.ఏ. పరీక్షలో ఇద్దరే గట్టెక్కారు. వారిలో ఒకరైన బంకించంద్ర ఛటర్జీకి కూడా గ్రేస్ మార్కులు కలపాల్సి వచ్చింది. పాఠానికీ పరీక్షకూ మధ్య దూరం మొదటి ఏడాదే బయటపడిందని నా అభిప్రాయం. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చాకా తెలుగు జిల్లాల కళాశాలల్లో ఈ పద్ధతే సాగింది. జవాబుపత్రాలన్నీ ఒకచోట చేర్చి దిద్దించే స్పాట్ వాల్యుయేషన్‌లో చూడండి: హాల్‌టికెట్ నంబరున్న భాగాన్ని చించేస్తారు, కోడ్ నంబరు వేస్తారు, ఎవరి జవాబో తెలియని అధ్యాపకుడు కట్టలకొద్దీ దిద్దుతాడు.

మార్కులు పాఠం చెప్పే అధ్యాపకుడికే వదిలేస్తే పక్షపాతం రాదా అంటారు. ఆ భయం న్యాయమైనదే. కులం, ప్రాంతం, ట్యూషన్లు పనిచేసే చోట పేరు దాచడం పేద విద్యార్థికి నిజమైన రక్షణ. కానీ పేరు దాచినంత మాత్రాన దిద్దుబాటు సక్రమమవుతుందా? దిద్దినవాడు జవాబు చెప్పాల్సిన అవసరం లేకపోతే తొందరపాటుకు అడ్డేముంది? విశ్వవిద్యాలయ విద్యపై 1948లో ఏర్పడిన రాధాకృష్ణన్ కమిషన్ పరీక్షల సంస్కరణనే అన్నిటికన్నా ముందు పెట్టింది. యూజీసీ పది పాయింట్ల గ్రేడ్లు తెచ్చినా, మార్కుల మీద అక్షరాల ముసుగు వేయడం సంస్కరణ కాదు. అసలు మలుపు 2011లో వచ్చింది: దిద్దిన జవాబుపత్రం చూసే హక్కు సమాచార హక్కు చట్టం కింద విద్యార్థికి ఉందని సుప్రీంకోర్టు తేల్చింది. ఆ పత్రాన్ని అర్జీ పెట్టకుండానే ప్రతి విద్యార్థికీ చూపించడం విశ్వవిద్యాలయాలు వెంటనే మొదలుపెట్టాలి.