నారాయణగూడ 'సుధర్మ' చిత్రకారులు శ్రీ పి.టి. రెడ్డి

చిక్కడపల్లి, అశోక్‌నగర్‌లకు చేరువనున్న నారాయణగూడకు హైదరాబాదు సాంస్కృతిక చరిత్రలో ప్రత్యేక స్థానమున్నది. మాడపాటి హనుమంతరావు బాలికల పాఠశాల వెలసిన ఈ ప్రాంతంలోనే ఆధునిక చిత్రకళకు ఆద్యులలో ఒకరైన శ్రీ పాకాల తిరుమల్ రెడ్డి గృహం 'సుధర్మ' ఉన్నది.

శ్రీ పి.టి. రెడ్డి 1915 జనవరి 4న కరీంనగర్ జిల్లా అన్నారం గ్రామంలో జన్మించారు. హైదరాబాదులోని రెడ్డి హాస్టల్‌లో ఉండి విద్యాభ్యాసం సాగించారు. రాజాబహదూర్ వెంకటరామారెడ్డి ప్రోత్సాహంతో బొంబాయి సర్ జె.జె. కళాశాలలో చేరి, 1939లో చిత్రలేఖనంలో డిప్లొమా పొందారు. ఆనాటి డైరెక్టరు చార్లెస్ జెరార్డ్ నూతన ధోరణులను ఆదరించేవారు. ఆ వాతావరణంలో శ్రీ రెడ్డి, భోప్లే, మజీద్, కులకర్ణి, బాప్టిస్టా మొదలైన యువ చిత్రకారులు ఒక బృందంగా ఏర్పడి 1941లో ప్రదర్శన నిర్వహించారు. సుప్రసిద్ధమైన ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూపు 1947లో ఏర్పడినదని గుర్తుంచుకొన్నచో, ఈ ప్రయత్నం ఎంత ముందుచూపు గలదో విదితమవుతుంది.

అయితే బొంబాయిలో స్థిరపడక ఆయన హైదరాబాదుకు తిరిగివచ్చారు. చిత్రకళ జీవనాధారం కాజాలని ఆ రోజులలో కొంతకాలం కలప సామగ్రి తయారీ పరిశ్రమను నడిపారు. కుంచెకు దూరమైన ఆ కాలం వృథా కాలేదు. కొయ్యతో ఏర్పడిన సాన్నిహిత్యం అనంతరం ఆయన దారుశిల్పాలకు ఉపకరించింది. తిరిగి చిత్రరచన చేపట్టిన పిదప తైలవర్ణ చిత్రాలు, రేఖాచిత్రాలు, ఎచింగులు విరివిగా సృజించారు. 1970వ దశకంలో తాంత్రిక చిహ్నాలను ఆధునిక రీతిలో చిత్రించి విశేష ఖ్యాతి గడించారు.

ఆయన సహధర్మచారిణి ఆచార్య పాకాల యశోదారెడ్డి (1929-2007) ప్రసిద్ధ రచయిత్రి, ఉస్మానియా విశ్వవిద్యాలయ తెలుగు ఆచార్యులు, అధికార భాషా సంఘం అధ్యక్షులు. పాలమూరు పల్లెలో గడచిన బాల్య స్మృతులను, ఇంటి పెద్దల నోట విన్న నుడికారాన్ని ఆమె 'మా ఊరి ముచ్చట్లు' కథలలో పొందుపరచారు. పల్లె నుండి పట్నం చేరిన ఆ దంపతులలో ఒకరు రంగులలో, మరొకరు మాటలలో పుట్టినగడ్డతో అనుబంధాన్ని నిలుపుకొన్నారు. ఒకే కప్పు క్రింద చిత్రశాల, రచనా వ్యాసంగం సాగిన 'సుధర్మ' ఇందుకు సాక్ష్యం.

శ్రీ రెడ్డి 1996లో పరమపదించారు. ఆయన కృషిని స్మరించినపుడు ఒక సత్యం స్ఫురిస్తుంది. మహానగరాల చిత్రకారులకు లభించినంత ప్రచారం, స్వస్థలానికి తిరిగివచ్చిన వారికి లభించుట అరుదు. అట్టి కళాకారుల కృతులు ప్రధానంగా వారి గృహాలలోనే భద్రమవుతాయి. కుటుంబం పదిలపరచిన ఆ సంపదయే నేడు తెలంగాణ ఆధునిక చిత్రకళా చరిత్రకు ఆధారం. దానిని పరిరక్షించి, రానున్న తరాల విద్యార్థులకు అందుబాటులోకి తెచ్చుట ఆ చిత్రకారునికి అర్పించగల సముచిత నివాళి.