అరుగు దిగిన బడి

నేను ఐదో తరగతి దాకా చదివిన బడికి ఒకటే గది, దాని ముందు ఒక వరండా. ఒకటి, రెండు తరగతులు వరండాలో; మిగతా మూడూ గదిలో. వాన జల్లు కొట్టిందంటే వరండా పిల్లలంతా పలకలు నెత్తిన పెట్టుకుని లోపలికి వచ్చేసేవాళ్ళు. ఇక ఆ రోజుకి పాఠం లేదు, ఎక్కాలే. ఐదు తరగతులూ కలిసి చదవగలిగిన పాఠం అదొక్కటే మరి.

గదికి రెండు కిటికీలు ఉండేవి, రెండూ మా తలలకి చాలా పైన. నేలమీద కూర్చుంటే కాస్త ఆకాశం తప్ప ఏమీ కనబడేది కాదు. మాస్టారు నిలబడితే మాత్రం వీధంతా కనబడేది. ఆ కిటికీ ఎవరి ఎత్తుకి పెట్టారో అన్న ప్రశ్న చాలా ఏళ్ళ తరవాత గానీ నాకు తట్టలేదు. తట్టాక, బడి కట్టడం గురించి కనబడిందల్లా చదవడం మొదలుపెట్టాను. చదివే కొద్దీ తెలిసిందేమిటంటే, మన దగ్గర కిటికీ ఎత్తు గురించి అడగడానికి చాలా కాలం పట్టింది. అంతకన్నా ముందు తేలవలసిన ప్రశ్న ఒకటుంది: అసలు గడప దాటి లోపలికి ఎవరు రావచ్చు?

మొదట బడికి గడపే లేదు. వీధిబడి అంటే ఎవరో కలిగినవారి ఇంటి అరుగు, లేదా ఊరి చావిడి, గుడి మండపం, పెద్ద చెట్టు నీడ. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో తన కలెక్టర్లందరినీ బడుల లెక్కలు పంపమన్నాడు. బళ్ళారి కలెక్టరు ఎ. డి. కాంప్‌బెల్ 1823లో పంపిన నివేదిక వాటిలో బాగా ప్రసిద్ధం. ఇప్పటి అనంతపురం ప్రాంతం కూడా అప్పట్లో ఆ జిల్లాలోనే ఉండేది. జిల్లా మొత్తానికి 533 బడులు, 6,641 మంది పిల్లలు. అంటే బడికి సగటున పన్నెండు, పదమూడు మంది. ఒక అరుగు మీద సరిపోతారు. పొద్దున్నే అందరికన్నా ముందు వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారనీ, ఆ తరవాత వచ్చినవాళ్ళకి వచ్చిన వరసని బట్టి దెబ్బలు పెరిగేవనీ, పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారనీ ఆయన రాశాడు. మన్రో 1826లో మొత్తం లెక్క తేల్చినప్పుడు రాజధాని అంతటా 12,498 బడులున్నాయి.

ఈ లెక్కల మీద ఇప్పటికీ వాదన నడుస్తోంది. ధరంపాల్ 1983లో వీటినే పుస్తకంగా తెచ్చి, ఇంగ్లీషువాళ్ళు రాకముందు మనకి చదువు లేదన్న మాట అబద్ధమని చూపించాడు. ఆ మాట నిజమే. అయితే మన్రో పంపిన పట్టికలో ఉన్న గడులు ఏవో చూడండి: బడులెన్ని, పిల్లలెందరు, ఏ కులం, ఆడా మగా. బడి ఎక్కడ కూర్చుంటుందన్న గడి అందులో లేదు. మన ఊళ్ళలో కులం గడికీ, ఆ లేని గడికీ సంబంధం చాలా దగ్గరది.

అరుగు మంచి చోటే. గాలీ వెలుతురూ ధారాళంగా ఉంటాయి, ఖర్చు లేదు. దారిన పోయేవాళ్ళకి పిల్లలు చదివేది వినబడుతుంది కాబట్టి పంతులు బద్ధకించడానికీ వీల్లేదు. కానీ అరుగు ఒక ఇంటిది. ఆ ఇంటికి ఒక కులం ఉంది. ఆ ఇల్లున్న వీధికీ కులం ఉంది. మాలపల్లె, మాదిగపల్లె పిల్లలు ఆ వీధిలో నడవడానికే వీల్లేనప్పుడు అరుగెక్కడం గురించి ఇక చెప్పేదేముంది? 'బడికి రావద్దు' అని ఎవరూ బోర్డు పెట్టక్కర్లేదు. బడిని అగ్రహారంలో పెడితే చాలు.

ఈ సంగతిని సర్కారు కాగితం మీద ఒప్పుకోడానికి దాదాపు వందేళ్ళు పట్టింది. అగ్రహారాల్లోనూ చావిళ్ళలోనూ గుళ్ళలోనూ నడుస్తున్న ప్రభుత్వ బడులని పంచముల పిల్లలు కూడా రాగలిగే చోట్లకి మార్చాలని మద్రాసు ప్రభుత్వం 1919లో ఉత్తర్వు ఇచ్చింది. నా దృష్టిలో మన బడి భవనాల చరిత్రలో అసలు మలుపు ఇదే. ఇందులో స్తంభాల గురించీ పెంకుల గురించీ ఒక్క ముక్క లేదు, స్థలం గురించి మాత్రమే ఉంది. అప్పటికే మిషనరీలు పల్లెల్లోనే పూరిపాకలు వేసి, ఆదివారం ప్రార్థనకీ మిగతా రోజులు చదువుకీ వాడుతున్నారు. హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ 1910 నుంచి ఆదిహిందూ పిల్లలకి విడిగా బడులు తెరుస్తూ వచ్చారు. అరుగు దొరకనివాళ్ళు పాక వేసుకున్నారన్నమాట.

గడప దాటినంత మాత్రాన సమస్య తీరిపోలేదు. సతారా బడిలో అంబేడ్కర్ తన ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద ఒక మూల కూర్చున్నాడు. ఆ గోనెపట్టాని ఊడ్చేవాడు కూడా ముట్టలేదు. నీళ్ళు ప్యూను పోస్తేనే తాగాలి, ప్యూను రాకపోతే దాహం. ఒకే గదిలో రెండు బడులున్నట్టు లెక్క. అందుకే బల్లలు, కుళాయిలు, అందరికీ ఒకే వరస కుర్చీలు అనేవి ఉట్టి సామాను కాదు. ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారో, ఎవరి చేతికి నీళ్ళు అందుతాయో తేల్చేవి అవే.

ఇంకోవైపు, బడిగది ఎలా ఉండాలన్న శాస్త్రం ఇంగ్లండులో పెరిగింది. దాని వెనకా మన ఇసుక ఉంది. మద్రాసు ఎగ్మూరులో అనాథ బాలుర ఆశ్రమాన్ని నడిపిన ఆండ్రూ బెల్, వీధిబడి పిల్లలు ఇసుకలో రాయడం చూసి, ఆ పద్ధతినీ, పెద్ద పిల్లలు చిన్నవాళ్ళకి చెప్పే పద్ధతినీ కలిపి 1797లో లండన్‌లో పుస్తకం వేశాడు. దాంతో అక్కడ వందలమంది ఒకేచోట కూర్చునే పెద్ద హాళ్ళు లేచాయి. తరవాతి తరం వాటిని తరగతి గదులుగా విడగొట్టింది. లండన్ స్కూల్ బోర్డు వాస్తుశిల్పి ఇ. ఆర్. రాబ్సన్ 1874లో బడి కట్టడాల మీదే ఒక గ్రంథం రాశాడు. కుడిచేత్తో రాసే పిల్లకి వెలుతురు ఎడమవైపు నుంచి రావాలి, లేకపోతే చేతి నీడ రాతమీదే పడుతుంది. ఎదురెదురుగా కిటికీలుంటే గాలి ఆడుతుంది. మన ఎండలకైతే గది పొడుగు గోడలు ఉత్తర దక్షిణాలకి ఉండాలి, పడమటి ఎండ గదిలోకి రాకూడదు. ఇవేవీ డబ్బుతో పని లేనివి. ముగ్గు పోసే రోజున ఆలోచిస్తే చాలు.

స్వాతంత్ర్యం వచ్చాక మనకి ఆ ఆలోచనకి తీరిక దొరకలేదు. ఊరికో బడి కావాలి, బడికో కప్పు కావాలి. కప్పుల లెక్కే ప్రగతి లెక్క అయింది. 1986 జాతీయ విద్యావిధానం తరవాత 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ వచ్చింది: ఏ కాలంలోనైనా పనికొచ్చే రెండు పెద్ద గదులు, ముందు లోతైన వరండా, ఆడపిల్లలకీ మగపిల్లలకీ వేరు మరుగుదొడ్లు, కనీసం ఇద్దరు టీచర్లు, నల్లబల్ల, పటాలు, పుస్తకాలు. దేశం తన బడికి కోరుకున్న కనీసం ఇది. ఆ లోతైన వరండా దగ్గర నేను కాసేపు ఆగాను. పాత అరుగే సర్కారు నకలుగా తిరిగొచ్చింది. ఈసారి అది ఏ ఇంటిదీ కాదు, అదే తేడా.

ఆ రోజుల్లోనే బ్రిటన్ సాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం నడిచింది. గదులు కట్టడంతో పాటు టీచర్లకి ఆరు సూత్రాలు నేర్పారు. పిల్లలు చేసినవాటిని గోడల మీద పెట్టి తరగతి గదిని ఆసక్తిగా ఉంచాలన్నది వాటిలో ఒకటి. చిన్న మాటే. కానీ గోడ ఎవరిదన్న ప్రశ్నకి మొదటిసారి 'పిల్లలది' అని జవాబొచ్చింది. తరవాత కబీర్ వాజ్‌పేయి, ఆయన 'విన్యాస్' బృందం 'బాలా' పేరుతో ఇదే మాటని ఇంకా ముందుకి తీసుకెళ్ళారు. తలుపు తెరుచుకునే చోట నేలమీద కోణాలు గీస్తారు. కిటికీ ఊచలని వేలితో దిద్దుకునే ఆకారాలుగా వంచుతారు. పిల్లలు రాసుకునే నల్లబల్ల వాళ్ళ చేతి ఎత్తులో ఉంటుంది. నా చిన్నప్పటి కిటికీకి అక్కడ జవాబు దొరికింది.

కిటికీ సంగతి తరవాత, ముందు ప్రాణం దక్కాలి కదా అని గుర్తుచేసిన రోజు కూడా ఉంది. 2004 జులై 16న కుంభకోణంలో ఒక బడిలో మధ్యాహ్న భోజనం వండే చోట పుట్టిన నిప్పు పూరి కప్పుకి అంటుకుంది. 94 మంది పిల్లలు చనిపోయారు. ఆ తరవాత వేసిన కేసులో 2009 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, చదువు హక్కులో భద్రమైన బడి కూడా భాగమేనని చెప్పింది. అదే ఏడాది వచ్చిన విద్యాహక్కు చట్టం టీచరుకో గది, వేరు మరుగుదొడ్లు, తాగునీరు, వంటగది, ఆటస్థలం, ప్రహరీ, అడ్డంకి లేని దారి అని జాబితా రాసింది.

ఆ జాబితాకి తెలుగు రాష్ట్రాలు రెండూ తమ తమ పేర్లు పెట్టాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరు 14న 'మన బడి నాడు–నేడు' మొదలై, తొలి విడతలో 15,715 బడులని తీసుకుంది. పనులు కాంట్రాక్టర్లకి కాకుండా తల్లిదండ్రుల కమిటీల చేతికి ఇచ్చారు. తెలంగాణలో 2022 మార్చిలో 'మన ఊరు–మన బడి' 26,065 బడుల లక్ష్యంతో వచ్చింది. ఫ్యాన్లు, ట్యూబులైట్లు, పచ్చ బోర్డులు, బెంచీలు, నీళ్ళొచ్చే మరుగుదొడ్లు. ఈ చివరిది చదివి నవ్వుకునేవాళ్ళు ఒక్కసారి ఏడో తరగతి ఆడపిల్లని అడగండి. మరుగుదొడ్డి ఉండి నీళ్ళు లేకపోతే దానికి తాళమే పడుతుంది. పొద్దున్న నుంచీ నీళ్ళు తాగకుండా కూర్చున్న పిల్లకి ఎంత మంచి పాఠమైనా ఎక్కదు.

ఈ పథకాల్లో ఏది ఎవరి ఘనత అన్న తగువులోకి నేను వెళ్ళను. అడగాల్సింది రెండేళ్ళ తరవాత సంగతి. కుళాయి ఊడితే బాగుచేసేది ఎవరు, దానికి పైకం ఏ పద్దులోంచి వస్తుంది? కట్టినప్పుడు శంకుస్థాపన ఉంటుంది, రిబ్బనుంటుంది. ఊడ్చేవాళ్ళ జీతానికి రిబ్బను ఉండదు.

ఇంకో ప్రశ్న ఉంది, అది పాతదే. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో చాలా ప్రాథమిక బడుల్లోని 3, 4, 5 తరగతులని దగ్గరి హైస్కూళ్ళలో కలిపారు. అక్కడ గదులు మెరుగు, సబ్జెక్టుకో టీచరు అన్నారు. చాలా ఊళ్ళలో తల్లులు బడి ముందు కూర్చున్నారు. మధ్యలో రోడ్డుందనీ, వాగుందనీ, ఎనిమిదేళ్ళ పిల్ల ఒంటరిగా ఎలా పోతుందనీ వాళ్ళ మాట. 2025లో ఆ ఉత్తర్వుని రద్దుచేశారు. ఆ తల్లుల మాటా, 1919 ఉత్తర్వు చెప్పిందీ ఒకటే: బడి ఎంత బాగుందన్నది తరవాత, అక్కడికి పిల్ల చేరగలదా అన్నది ముందు.

మొన్న ఊరెళ్ళినప్పుడు మా బడికి వెళ్ళాను. పాత గది లేదు, దాని చోట మూడు గదులు, రంగులు, ర్యాంపు. కిటికీలు కిందికి వచ్చాయి. ఆదివారం కాబట్టి తాళం వేసి ఉంది. వరండా గచ్చు మీద మాదిగపల్లె పిల్లలు నలుగురు అచ్చెంగాయలు ఆడుకుంటున్నారు. లేవమని ఎవరూ అనలేదు. నేనూ కాసేపు ఆ అరుగు మీదే కూర్చున్నాను.