కోరంగి: గోదావరి మొగలో ఓడల ఊరు

బాసర దగ్గర తెలంగాణలో అడుగుపెట్టిన గోదావరి ధర్మపురిని, మంథనిని ఒరుసుకుంటూ పోయి, కాళేశ్వరంలో ప్రాణహితను కలుపుకుని తూర్పుకు సాగుతుంది. ధవళేశ్వరం దిగువన అది పాయలుగా చీలుతుంది. యానాం దగ్గర గౌతమి నుంచి విడిపోయే చిన్న పాయ పేరు కోరంగి. 18వ శతాబ్దంలో ఇంగ్లీషువారి ఓడరేవు ఎదిగింది ఆ పాయ ఒడ్డునే.

ఊరు పుట్టడానికి మూలం బట్ట. యానాం పక్కనున్న ఇంజరంలో ఈస్టిండియా కంపెనీ 1708లోనే వర్తక స్థావరం పెట్టింది. చుట్టుపక్కల నేతగాళ్లు నేసిన సన్నని పొడుగు గుడ్డకు ఐరోపాలో మంచి గిరాకీ ఉండేది. ఎదురుగా యానాంలో ఫ్రెంచివారు, జగన్నాథపురంలో డచ్చివారు అదే నేతగాళ్ల కోసం పోటీపడ్డారు. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ ఇంజరాన్ని పట్టుకున్నాడు. మరుసటి ఏడాది డిసెంబరులో చందుర్తి దగ్గర కర్నల్ ఫోర్డు ఫ్రెంచివారిని ఓడించాక పరిస్థితి తారుమారైంది. సుమారు 1759లో ఇంజరం రెసిడెంటు వెస్ట్‌కాట్ కోరంగిలో ఇంగ్లీషు వాడను కట్టించాడు. 1766 నవంబరు ఒప్పందంతో నిజాం అలీఖాన్ కోరంగి ఉన్న ఉత్తర సర్కారులను కంపెనీకి వదిలేశాడు. గోదావరికి ఎగువనున్న ఎలగందుల, నిర్మల్ సీమలు మాత్రం నిజాం ఏలుబడిలోనే ఉండిపోయాయి. ఒకే నదికి ఎగువన ఒక ప్రభుత్వం, మొగ దగ్గర మరొకటి!

కోరంగికి అసలు బలం దాని అఖాతం. చెన్నపట్నంలో ఓడలు నడిసముద్రంలో లంగరు వేస్తే, సరుకును మసూలా పడవల్లోకి దించి, ఎగసిపడే కెరటాల మీదుగా ఒడ్డుకు చేర్చాల్సి వచ్చేది. కోరంగి దగ్గర నేల ఒంపు తిరిగి నైరుతి గాలికి అడ్డు నిలుస్తుంది. కాబట్టి వానాకాలంలోనూ నీళ్లు నిలకడగా ఉండేవి. దెబ్బతిన్న ఓడలు మరమ్మతుకు ఇక్కడికే వచ్చేవి. గోదావరిలో తేలివచ్చే టేకు దుంగలు ఓడల పనికి అందేవి. పలకలను చేర్చి కొట్టడం, సందుల్లో నార కూరి గుగ్గిలం పట్టించడం, ఒడుపుగా తెరచాప కొయ్యను నిలబెట్టడం ఊరి వడ్రంగులకు తరతరాల విద్య. 1802 నాటికి ఎబినేజర్ రోబక్ అనే ఇంగ్లీషు వర్తకుడు ఇక్కడ ఓడల మరమ్మతుకు డాకు కట్టించాడు. ఇంగ్లండు రాజుగారి యుద్ధనౌక ఆల్బట్రాస్ కూడా అందులోకి వచ్చింది. ఇటుకలు, ఇనుము కంటే ఆ వడ్రంగుల చేతులే ఈ ఊరికి పేరు తెచ్చాయని చెప్పాలి.

అదే అఖాతం ఊరిని కబళించింది కూడా. 1789 డిసెంబరులో మూడు పెద్ద కెరటాలు ఒకదాని వెంట ఒకటి వచ్చి కోరంగిని ముంచెత్తాయని, ఇరవై వేలమంది పోయారని అప్పటి నుంచి చెబుతూ వచ్చారు. 1839 నవంబరు 25న మరో ఉప్పెన ఓడలను సైతం భూమ్మీదికి ఎత్తిపడేసింది. కలకత్తాలో తుపానుల లెక్కలు రాసిన హెన్రీ పిడింగ్టన్ కోరంగి ఉప్పెననూ వివరించాడు. సైక్లోన్ అన్న ఇంగ్లీషు మాటను పుట్టించింది ఆయనే.

రేవు ఊపిరి తీసింది మాత్రం నెమ్మదిగా పేరుకున్న ఒండ్రు. ఎగువ సీమల మట్టిని ఏటా వరద మోసుకొచ్చి పాయలో పోసింది. పెద్ద ఓడలు మొగ దాటలేక కాకినాడకు మళ్లాయి.

ఊరు చితికినా పేరు సముద్రాలు దాటింది. ఇక్కడి రేవు నుంచి ఓడెక్కిన కూలీలూ కలాసీలూ రంగూనులో, మారిషస్‌లో దిగితే అక్కడివారు వాళ్లను కోరంగీలన్నారు. చివరికి తెలుగువాళ్లందరికీ అదే పేరైంది. 1845లో ఆస్ట్రేలియా తూర్పున కోరల్ సముద్రంలో కోరంగి పాకెట్ అనే ఓడ బద్దలైతే అక్కడి దీవులకూ ఆ పేరే స్థిరపడింది.

ఇప్పుడు పాయ చుట్టూ మడ అడవులు. 1978 నుంచి ఆ ప్రాంతం కోరంగి వన్యప్రాణి అభయారణ్యం. పక్కనే తాళ్లరేవులో చేపల వేటకు వెళ్లే చెక్క పడవలను నేటికీ చేత్తోనే కడుతున్నారు.