రాజుల ఇంట్లో అమృత

ఢిల్లీలో ఇండియా గేట్ చుట్టుపక్కల తిరిగితే పాత సంస్థానాల జాబితా చదివినట్టుంటుంది: హైదరాబాద్ హౌస్, బరోడా హౌస్, పటియాలా హౌస్, జైపూర్ హౌస్. కొత్త రాజధానిలో బ్రిటిష్ వాళ్ల కళ్లెదురుగా తమకూ ఓ ఇల్లుండాలని రాజులు కట్టించుకున్నవి. ఇప్పుడు పటియాలా హౌస్‌లో కోర్టులు నడుస్తాయి, బరోడా హౌస్‌లో రైల్వే ఆఫీసు ఉంది. మన నిజాం కోసం లుట్యెన్స్ కట్టిన హైదరాబాద్ హౌస్‌లో ప్రధానమంత్రి విదేశీ అతిథుల్ని కలుస్తారు, మనలాంటివాళ్లం గేటు బయటినుంచి చూసి పోవాల్సిందే. జైపూర్ మహారాజు ఇంట్లోకి మాత్రం ఎవరైనా టికెట్టు కొనుక్కుని వెళ్లొచ్చు. అదే నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడరన్ ఆర్ట్.

బ్లోమ్‌ఫీల్డ్ డిజైన్ చేసిన ఈ భవనం 1936 నాటిది. మధ్యలో గుమ్మటం, రెండువైపులా సీతాకోకచిలుక రెక్కల్లా విచ్చుకున్న భాగాలు. 1954 మార్చి 29న నెహ్రూ సమక్షంలో, అప్పటి ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ దీన్ని గ్యాలరీగా ప్రారంభించారు. మొదటి క్యూరేటర్ హెర్మన్ గోట్జ్ అనే జర్మన్ కళాచరిత్రకారుడు. అంతకుముందు బరోడా మ్యూజియం చూసినవాడు. సంస్థానాలు పోయి పదేళ్లయినా కాకముందే ఒక రాజుగారి ఇల్లు ప్రజల బొమ్మలకి ఇల్లైంది.

ఆఫీసు పనిమీద ఢిల్లీ వెళ్లినప్పుడు ఓ పూట ఖాళీ చేసుకుని నేనక్కడికి వెళ్లింది ముఖ్యంగా అమృతా షేర్‌గిల్ కోసం. 'బ్రహ్మచారులు' ముందు చాలాసేపు నిలబడ్డాను. ఐదుగురు కుర్రాళ్లు, తెల్ల పంచెలు, జంధ్యాలు. చామనఛాయ నుంచి బాగా నలుపు దాకా ఒక్కొక్కరిదీ ఒక్కో ఒంటిరంగు. ఎవరి ముఖంలోనూ నవ్వు లేదు. 'పెళ్లికూతురి అలంకరణ'లోనూ అంతే, అలంకరణ ఉంది కానీ సంబరం లేదు. రెండూ 1937లో వేసినవి. అంతకుముందు ఆమె అజంతా గుహలు చూసి, దక్షిణాది అంతా తిరిగి వచ్చింది. అజంతా గోడల మీది ఆ నిదానం, ఆ మట్టిరంగులు ఈ బొమ్మల్లోకి దిగాయని పక్కన బోర్డు లేకపోయినా తెలుస్తుంది.

ఆ ప్రయాణంలో ఆమె హైదరాబాదుకీ వచ్చింది. అక్కడ మూడో సాలార్‌జంగ్, కంటికి నచ్చిన ప్రతిదీ కొనే మనిషి. గడియారాలు, దంతపు కుర్చీలు, పింగాణీ, యూరప్ బొమ్మలు, ఏదీ వదలలేదు. షేర్‌గిల్ చిత్రాల్ని మాత్రం తిప్పి పంపేశాడు. మైసూరు మహారాజు కూడా ఆమెని కాదని రవివర్మనే ఎంచుకున్నాడు. డబ్బూ అభిరుచీ రెండూ ఉన్నవాళ్లు వద్దనుకున్నారు. 1941 డిసెంబరులో, ఇరవై ఎనిమిదేళ్లకి, ఆమె లాహోరులో చనిపోయింది.

నన్ను పట్టుకున్నది ఈ తిరస్కారం కాదు, దాని తర్వాతి లెక్క. అప్పుడు ఆ బొమ్మలు అమ్ముడుపోయి ఉంటే? తలా ఒక దివాణంలో, తలా ఒక భోజనాల గదిలో చెల్లాచెదురై ఉండేవి. భర్త విక్టర్ ఈగన్ దగ్గరా, తండ్రి ఉమ్రావ్ సింగ్ దగ్గరా మిగిలినవాటిలో ఎన్నో ప్రభుత్వానికి చేరాయి. ఇవాళ ఆమె చిత్రాలు సుమారు వంద ఈ గ్యాలరీ దగ్గరే ఉన్నాయి. ఒకటి రెండు బొమ్మలు చూస్తే ఆమె ప్రతిభ తెలుస్తుంది. పారిస్ చదువు నుంచి అజంతా దాకా ఆమె ఎలా మారిందో తెలియాలంటే మాత్రం అన్నీ ఒకచోట ఉండాలి.

అదే 1937లో వేసిన 'కథలు చెప్పే మనిషి' 2023లో వేలంలో 61.8 కోట్లకి పోయింది. అది కొన్నవాళ్లు చూపిస్తేనే మనం చూడగలం. రాజుల కాలంలోనూ పద్ధతి ఇదే.

రాజమండ్రిలో దామెర్ల రామారావు గ్యాలరీ ఉంది. ఆయనా ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే, 1925లో మశూచితో పోయాడు. అక్కడ గుమ్మటం లేదు, మహారాజూ లేడు. అయినా ఆయన బొమ్మలు ఒక్కచోట ఉండబట్టే ఆ పేరు మనకి మిగిలింది. గోదావరి చూడ్డానికి వెళ్లేవాళ్లలో ఎంతమంది ఆ గుమ్మం ఎక్కుతున్నారు? ఢిల్లీ టికెట్టు కంటే అది మనకి చాలా దగ్గర.