ఉప్పుకుప్ప వెనకాల

ఒలే, మంటలో ఇంకో రెండు తాటిమట్టలెయ్యి. పిల్లణ్ణి ఇలా నా ఒళ్లోకియ్యి. బుధవారం నర్సమ్మ దగ్గరికి తీసుకెళ్లాలా వద్దా అని నిన్నట్నుంచి నలుగుతున్నావు. సూదేస్తే జొరమొచ్చి రాత్రంతా ఏడుస్తాడని నీ బెంగ. మా అమ్మ బెంగా అదేనే.

1962లో సర్కారు దేశమంతా మశూచి టీకాలు మొదలెట్టింది. అప్పటికి నాకు ఏడేళ్లు, తమ్ముడికి మూడు. నాన్నది మన నౌపడ ఉప్పుమడుల్లో పని. ఎండలు ముదిరితే మడుల్లో ఉప్పు పేరేది, ఊళ్లో అమ్మవారు తిరిగేది. ఎవరికన్నా పోసిందంటే గుమ్మానికి వేపకొమ్మ కట్టి, ఇంట్లో తాలింపు మానీసేవోరు.

టీకాలాయన టెక్కలి నుంచి చిన్నరైల్లో వచ్చీవోడు. పళ్లున్న చిన్న బిళ్ల చేతిమీద ఆనించి గిర్రున తిప్పీవోడు. వారానికల్లా అక్కడ పొక్కు లేచి చీము పట్టీది, ఒళ్లు కాలిపోయీది. ఆ నాలుగు రోజులూ కూలి పోయినట్టే. పైగా అమ్మవారికి ఎదురెళ్లినట్టని భయం.

ఆయనొచ్చిన రోజు అమ్మ నన్ను టీకాకి నాన్నతో పంపింది. తమ్ముణ్ణి మటుకు చంకనేసుకుని, తాటాకులు కప్పిన ఉప్పుకుప్ప వెనకాల పొద్దుగూకేదాకా కూకుంది. ఏడ్చి గోల చేస్తాడని వాడి నోట్లో బెల్లంముక్క పెట్టిందట. లేకలేక పుట్టిన మగపిల్లడు కదా. ప్రాణంగా చూసుకున్నోణ్ణే దాచింది. తల్చుకుంటే ఇప్పటికీ గుండె పట్టీసినట్టుంటాది.

మరుసటేడు వాడికి పోసింది. అరికాళ్ల నుంచి కనురెప్పలదాకా ఖాళీ లేదు. అరిటాకు మీద పడుకోబెట్టి వేపమండతో విసిరింది నేనే, రాత్రులు పక్కన పడుకున్నదీ నేనే. నాకు ఒక్క పొక్కు రాలేదు. వాడు బతికాడు గానీ రెండు కళ్లూ పోయాయి. వాణ్ణి నిద్రపుచ్చాక అమ్మ నా చేతిమీద మచ్చ తడువుతూ ఏడ్చీది. ఒక్క మాటా అనీది కాదు.

1975 తర్వాత మశూచి ఉన్నోళ్లని చూపిస్తే 1000 రూపాయలిస్తామన్నారు. దేశమంతా గాలించినా ఒక్కరూ దొరకలేదు. 1980లో ప్రపంచంలోనే లేదని చెప్పారు. ఆ కబురు రేడియోలో విన్నప్పుడు తమ్ముడు నన్ను దగ్గరికి పిలిచి, చెయ్యందుకుని, మచ్చ ఎక్కడుందో వేళ్లతో వెతుక్కున్నాడు.

నీ పిల్లడికి ఈ నెలన్నర సూదిలో కంఠసర్పికీ కోరింతదగ్గుకీ ధనుర్వాతానికీ మందుంటాది. బుధవారం నేనూ వస్తాను. రాత్రి జొరమొస్తే నువ్వు పడుకో, వీణ్ణి నేనెత్తుకుని తిరుగుతాను.