గంట లెక్కన మారియో

తొంభైల్లో అమీర్‌పేట, పంజగుట్ట గల్లీల్లో వీడియో గేమ్ షాపంటే రెండు మూడు చిన్న టీవీలు, వాటికి తగిలించిన టీవీ గేమ్ డబ్బాలు, గల్లా దగ్గర గడియారం చూసుకునే ఓనరు. అరగంటకింత, గంటకింత. మారియో ఎన్నిసార్లు చచ్చినా అడిగేవాడు లేడు. టైమైపోతే మాత్రం రాకుమారి ఎదురుగా ఉన్నా సరే, లేవాల్సిందే.

ఈ బేరం మన షాపులవాళ్లు సొంతంగా కుదుర్చుకున్నదే. విచిత్రమేమిటంటే, మారియోను పుట్టించిన నింటెండో కంపెనీ 1986లో సరిగ్గా ఇదే బేరానికి నిలువెత్తు యంత్రం కట్టింది. పేరు ప్లేఛాయిస్-10. అందులో పది ఆటల దాకా పెట్టొచ్చు. మామూలు ఆర్కేడ్ యంత్రంలో నాణెం వేస్తే ప్రాణాలొస్తాయి, ఇందులో సెకన్లొచ్చేవి. లోపల ఆడించేది ఇంటి మెషీన్‌లోని చిప్పులే. పక్కన జెడ్80 అనే మరో ప్రాసెసర్ నాణేలూ టైమూ చూసుకునేది. మన షాపు ఓనరు చేసే పనే, జీతం లేకుండా!

అసలు ఆ ఇంటి మెషీనే ఆర్కేడ్ కడుపున పుట్టింది. 1981లో నాణేల యంత్రంగా హిట్టయిన డాంకీ కాంగ్‌ను ఇంటి టీవీ మీద ఆడించాలన్న పట్టుదలతో మసయుకి ఉయెమురా బృందం, రికో కంపెనీ చిప్పులతో ఫామికామ్‌ను తయారుచేసింది. 1983 జూలై 15న జపాన్‌లో అమ్మకానికొచ్చింది. ధర 14,800 యెన్లు.

అదే ఏడాది అమెరికాలో వీడియో గేముల బజారు కుప్పకూలింది. ఇంటి మెషీనంటేనే దుకాణదారులు మొహం తిప్పుకునే రోజులవి. నింటెండో 1985 జనవరిలో కీబోర్డు, క్యాసెట్ రికార్డరు, వైర్లు లేని కంట్రోలర్లు జోడించిన ఏవీఎస్ అనే నమూనాను లాస్ వేగస్ ప్రదర్శనలో పెట్టింది. ఎవరూ ఆర్డరివ్వలేదు. ఆ నమూనా అలాగే మూలపడింది.

కానీ అప్పటికే ఫామికామ్ చిప్పులు వేరే వేషంలో అమెరికాలో నాణేలు రాలుస్తున్నాయి. 1984లో దింపిన వీఎస్ సిస్టమ్ అనే ఆర్కేడ్ యంత్రం అది. జనానికి ఏ ఆట పడుతుందో ఇంటి మెషీన్ రాకముందే ఆ యంత్రం చెప్పేసింది. ఆ ధైర్యంతోనే కంపెనీ మెషీన్ రూపం మార్చి, ఎన్ఈఎస్ పేరుతో, తోడుగా ఓ బొమ్మ రోబోనిచ్చి, 1985 అక్టోబరులో న్యూయార్క్‌లో అమ్మకానికి పెట్టింది. నన్నడిగితే ఎన్ఈఎస్‌ను గట్టెక్కించింది రోబో కాదు, వీఎస్ సిస్టమే.

నాణేల కోసం ఆ యంత్రాల్లో మారియోను కాస్త కఠినం కూడా చేశారు. ఉచితంగా దొరికే ప్రాణాలు తగ్గించారు. కాపీ కొట్టేవాళ్ల కోసం ఇంకో కిటుకు: కొన్ని ఆటలకు రంగుల వరుస తారుమారు చేసిన బొమ్మల చిప్పు పెట్టారు. ఆట చిప్పునొక్కటే నకలు చేసి వేరే బోర్డులో పెడితే రంగులన్నీ తేడాగా వస్తాయి. ఎన్ఈఎస్‌లోనైతే ఏకంగా తాళం చిప్పే పెట్టారు.

జపాన్ ఫామికామ్‌కు మాత్రం ఆ తాళం లేదు. నకళ్లు చేసేవాళ్లు దాన్నే పట్టుకున్నారు. హైదరాబాద్ దాకా వచ్చిన చవక టీవీ గేములు, '9999 ఆటలు' అని గొప్పగా రాసి లోపల పిడికెడు ఆటలనే తిప్పి తిప్పి చూపించే క్యాసెట్లు, చాలావరకు ఆ వంశానివే. వాటిలో మనం ఆడిన గెలాక్సియన్, రోడ్ ఫైటర్, సర్కస్ చార్లీ, కాంట్రా కూడా మొదట నాణేల యంత్రాల్లో పుట్టినవే. ఆర్కేడ్ నుంచి ఇంటికొచ్చిన ఆటను మన షాపులు మళ్లీ బజారుకెక్కించాయన్నమాట.

ఇప్పుడు ఆ షాపులు లేవు. మీ అటక మీద పాత టీవీ గేమ్ ఉంటే పాత సామాన్లవాడికి వేయకండి. క్యాసెట్ అడుగున ఇత్తడి రంగు గీతలు లెక్కపెట్టండి. ఒక్కో వైపు 30 చొప్పున 60 ఉంటే అది ఫామికామ్ సంతతి. 72 ఉంటే అమెరికా ఎన్ఈఎస్ తరహాది, మన దగ్గర అరుదు. దాన్ని మరింత భద్రంగా దాచండి.