తుఫాను బర్మా పోయింది, వడగాడ్పు మన మీద పడింది



కిందటి వారం రచ్చబండ దగ్గర కూర్చున్నప్పుడు ఒకాయన అన్నాడు, "ఎండలు అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. వేసవిలో ఎండ కాయకపోతే మంచు కురుస్తుందా?" అని. అందరం నవ్వాం. నేనూ నవ్వాను గానీ ఆ మాట నాకు మింగుడు పడలేదు. ఎండ వేరు, వడగాడ్పు వేరు. ఆ తేడా తెలియక మా ఇంట్లో ఒక మనిషిని పోగొట్టుకున్నాం. అందుకే ఈ పోస్టు కొంచెం పొడుగ్గా రాస్తున్నా. పనులు తెమిలాక ఓపిగ్గా చదవండి.

2003 మే నెల సంగతి. మిరప కోతలు అయిపోయాయి. మంచి కాయ అమ్మేశాం, తాలు కాయ మాత్రం కల్లంలో ఆరుతోంది. మే 10 ప్రాంతంలో బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టిందని రేడియోలో చెప్పారు. అది తుఫానై ఎటూ కదలకుండా రోజుల తరబడి సముద్రంలోనే తచ్చాడింది. మేం కాయ మీద పట్టాలు కప్పి, రాత్రిళ్లు కల్లంలోనే పడుకున్నాం. ఈలోగా శ్రీలంకలో కుంభవృష్టి కురిసి, కొండచరియలు విరిగిపడి రెండొందల మందికి పైగా చనిపోయారని తెలిసింది. చివరికి మే 19న అది బర్మాలో తీరం దాటింది. "అమ్మయ్య, గండం గడిచింది" అనుకుని పట్టాలు తీసేశాం.

గండం గడవలేదు. మనకి అసలు గండం ఆ తర్వాతే మొదలైంది. పొద్దున ఎనిమిదింటికే గాలి పొయ్యి దగ్గర నిలబడ్డట్టు కొట్టేది. సాయంత్రం రావలసిన సముద్రపు గాలి జాడ లేదు. చేదబావి దగ్గర బకెట్టు ముట్టుకుంటే చెయ్యి కాలేది.

అట్లాంటి ఒక రోజు మా బాబాయి, నేను చేలోకి పశువుల ఎరువు తోలుతున్నాం. పదకొండు దాటింది. బాబాయి ఇక చాలన్నాడు. "ఈ ఒక్క బండి దించితే రేపు రానక్కర్లేదు బాబాయ్" అన్నది నేనే. ఒంటిగంటకల్లా ఆయన మాట తడబడింది. చెట్టు కింద పడుకోబెడితే ఒళ్లు కాలిపోతోంది, చెమట మాత్రం చుక్క లేదు. అప్పటికి 108 లేదు. ట్రాక్టరు దొరికి టౌనుకి పోయేసరికి ఆయన లేడు. ఊరంతా "ఆయుష్షు తీరింది" అన్నారు. నేను అదే నమ్మడానికి చూశాను. నమ్మితే నాకు బరువు తగ్గుతుంది గదా.

ఆ వేసవిలో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే, అంటే అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో, వెయ్యి మందికి పైగా వడదెబ్బతో చనిపోయారు. అంతకు ముందు ఏడు 2002 మేలోనూ వెయ్యికి పైనే. 1998లో ఒడిశాలో రెండు వేల మందికి పైగా. 2015 మేలో మన రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి 1,900 మందికి పైగా. ఇంతమందికీ ఒకేసారి ఆయుష్షు తీరుతుందా? తీరదు. దీనికి వేరే కారణం ఉండాలి. మా అమ్మాయి డిగ్రీలో భూగోళం చదివేటప్పుడు ఆ పుస్తకాలు నేనూ తిరగేశాను. నాకు అర్థమైంది మన భాషలో చెప్తా.

ముందు ఒక ప్రశ్న. మన ప్రాంతంలో సూర్యుడు నడినెత్తిన నిలబడేది ఏడాదికి రెండుసార్లు. మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో ఇంకోసారి. ఆ రోజుల్లో మిట్టమధ్యాహ్నం ఒక కర్ర నిలువుగా పాతి చూడండి, నీడ దాని మొదట్లోనే ఉంటుంది. రెండుసార్లూ అదే సూర్యుడు, అదే నడినెత్తి. మరి ఆగస్టులో వడగాడ్పు ఎందుకు లేదు? పైగా మేలో కూడా సూర్యుడు నెత్తిమీద ఉండేది మొదటి వారంలో అయితే, రోళ్లు పగిలే రోహిణి కార్తె వచ్చేది మే 25 తర్వాత. అంటే ఎండ ఒక్కదానితో లెక్క తేలడం లేదు. మిగతా లెక్క నేలలో ఉంది, గాలిలో ఉంది.

నేల సంగతి చూద్దాం. కుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయో మనకి తెలుసు. కుండ గోడల్లోంచి ఊరిన తడి ఆవిరవుతూ వేడిని లాక్కుపోతుంది. ఈ ఆవిరికి ఎంత వేడి కావాలో తెలుసా? గడ్డకట్టే చలిలో ఉన్న లీటరు నీళ్లని మరిగేదాకా కాచడానికి ఎంత వేడి పడుతుందో, ఆ మరిగే నీళ్లు మొత్తం ఆవిరి కావడానికి అంతకు అయిదు రెట్లకు పైగా పడుతుంది. ఆగస్టులో పొలం తడిగా ఉంటుంది, పైరు ఉంటుంది, చెరువులో నీళ్లుంటాయి. ఎండలో చాలా భాగం ఆ తడిని ఆవిరి చెయ్యడానికే ఖర్చయిపోతుంది. మేలో నేల బీటలు వారి ఉంటుంది. ఆవిరి చెయ్యడానికి తడే లేదు. వచ్చిన ఎండ వచ్చినట్టు మట్టిని కాలుస్తుంది, మట్టి గాలిని కాలుస్తుంది. 2002లో దేశమంతా కరువు. ఆ ఏడు నైరుతి వానలు మామూలులో 81 శాతమే పడ్డాయి. అట్లాంటి కరువు ఏడు తర్వాత వచ్చింది 2003 వేసవి. నేల ముందే ఎండి సిద్ధంగా ఉందన్నమాట.

ఇక గాలి సంగతి. సైకిలుకి గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు భాగం ముట్టుకుని చూశారా? వేడెక్కుతుంది. గాలిని అదిమితే వేడి పుడుతుంది. ఆకాశంలోనూ ఇంతే. ఒకచోట గాలి పైకి లేస్తే ఇంకోచోట కిందికి దిగాలి. పైన గాలి పలచన, కింద ఒత్తిడి ఎక్కువ. దిగే గాలి అదిమినట్టయి వేడెక్కుతుంది. పొడిగాలి ఒక కిలోమీటరు దిగితే దాదాపు పది డిగ్రీలు వేడెక్కుతుంది. అట్లా దిగే గాలిలో మబ్బు కట్టదు. ఉన్న మబ్బు కూడా విరిగిపోతుంది. ఆకాశం తేటగా ఉంటుంది కాబట్టి ఎండ అడ్డం లేకుండా పడుతుంది. కింద కాగిన గాలి పైకి లేచి పోదామంటే పై నుంచి దిగే గాలి ఎసరు గిన్నె మీద మూత పెట్టినట్టు అడ్డం ఉంటుంది. చాలా ఎత్తున వీచే గాలులు మెలిక తిరిగి ఒకచోట ఆగిపోతే ఈ మూత నాలుగు రోజులు, వారం, పది రోజులు కదలదు. రోజు రోజుకీ నిన్నటి వేడి మీద ఇవాళ్టి వేడి పేరుకుంటుంది.

మూడోది గాలి ఎటు నుంచి వస్తోందన్నది. వేసవిలో మన కోస్తాని కాపాడేది మధ్యాహ్నం మొదలయ్యే సముద్రపు గాలి. పడమర, వాయవ్యం నుంచి వచ్చే గాలి బలంగా ఉంటే ఇది ఒడ్డు దాటి లోపలికి రాలేదు. ఆ గాలి రాజస్థాన్, విదర్భ ఎండిన నేలల మీదుగా కాగుతూ వస్తుంది. తెలంగాణ పీఠభూమి నుంచి మన పల్లానికి దిగేటప్పుడు ఇందాక చెప్పిన పంపు లెక్కన ఇంకో నాలుగైదు డిగ్రీలు కలుస్తాయి. హైదరాబాద్ సముద్ర మట్టానికి అయిదొందల మీటర్లకు పైన ఉంది. మన రెంటచింతల, ఒంగోలు పల్లంలో ఉన్నాయి. అందుకే రెంటచింతల పేరు ప్రతి వేసవిలో వార్తల్లో వింటాం.

ఇప్పుడు 2003 తుఫానుని ఈ లెక్కలో పెట్టి చూడండి. మన వైపు తుఫాను గాలి గడియారం ముల్లుకి ఎదురు తిరుగుతుంది. తుఫాను మనకి తూర్పున సముద్రంలో ఉంటే, దాని పడమటి పక్కన ఉన్న మన మీద గాలి ఉత్తరం, వాయవ్యం నుంచి వీస్తుంది. అంటే సముద్రపు గాలి లోపలికి రాకపోగా, నేల మీది పొడిగాలినే అది సముద్రంలోకి లాక్కుంటుంది. తుఫాను మధ్యలో లేచిన గాలి చుట్టుపక్కల దిగుతుంది, దిగినచోట మూత పడుతుంది. బంగాళాఖాతంలో ఉన్న తేమనంతా పోగుచేసుకుని అది బర్మా పోయింది. ఆ ఏడు నైరుతి కేరళకి వచ్చింది జూన్ 8న, మామూలు తేదీకి వారం ఆలస్యంగా. నేలా, గాలీ, సముద్రం మూడూ ఒకేసారి మన మీదికి తిరిగాయి. మేం పట్టాలు తీసి ఊపిరి పీల్చుకున్న రోజునే అసలు జాగ్రత్త పడాల్సింది.

అన్ని ఏళ్లలోనూ తుఫానే కారణం కాదు. ఎల్ నినో అని వింటున్నాం గదా. పెరూ దేశపు జాలర్లు క్రిస్మస్ రోజుల్లో సముద్రం వేడెక్కడం చూసి బాల యేసు పేరు మీద పెట్టిన పేరది. 1904లో మన వాతావరణ శాఖకి అధిపతిగా వచ్చిన గిల్బర్ట్ వాకర్ అనే ఇంగ్లీషాయన, మన కరువులకి కారణం వెతుకుతూ పసిఫిక్‌కీ మన సముద్రానికీ మధ్య గాలి ఒత్తిడి తక్కెడలా ఊగుతుందని కనిపెట్టాడు. దీన్నీ ఎల్ నినోనీ ముడిపెట్టి చెప్పింది 1969లో బ్యెర్క్‌నెస్ అనే శాస్త్రవేత్త. 1998 వేసవి, 2002, 2015 అన్నీ ఎల్ నినో కాలంలోవే. దీనికి తోడు భూమి మొత్తం వందా నూటయాభై ఏళ్ల కిందటి కన్నా ఒక డిగ్రీకి పైగా వేడెక్కింది. కాబట్టి అరుగు మీద ఆయన అన్న "అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి" అన్నది సగమే నిజం. వడగాడ్పు అప్పుడూ ఉంది. ఇప్పుడు అది మొదలయ్యే మెట్టే ఒక మెట్టు పైన ఉంది.

మన వాతావరణ శాఖ 1875లో పుట్టింది. 1864లో కలకత్తానీ, మన బందరునీ ముంచిన తుఫాన్లు, ఆ తర్వాత వానలు తప్పి వచ్చిన కరువులు దానికి కారణం. తుఫానుకీ కరువుకీ ప్రభుత్వాలు అప్పటి నుంచే లెక్క రాశాయి. ఎండకి మాత్రం లెక్క లేదు. చలిగాలులు కూడా చేరిన కేంద్రం విపత్తుల జాబితాలో వడగాడ్పుకి చాలా ఏళ్లు చోటు దొరకలేదు. తుఫాను ఇల్లు కూల్చి పోతుంది, ఫొటో ఉంటుంది. వడగాడ్పు ఒక్కో మనిషిని ఒక్కో చేలో పడేసి పోతుంది. 2010 మేలో అహ్మదాబాద్‌లో 46.8 డిగ్రీలు కాసి మామూలు కన్నా 1,300 మందికి పైగా ఎక్కువ చనిపోయాక, 2013లో ఆ ఊరు ముందస్తు ప్రణాళిక రాసుకుంది. 2016లో దేశం మొత్తానికి మార్గదర్శకాలు వచ్చాయి. ఇప్పుడు మైదానాల్లో 40 డిగ్రీలు దాటి మామూలు కన్నా నాలుగున్నర డిగ్రీలు ఎక్కువైతే వడగాడ్పు అంటారు. 45 దాటితే ఇక మామూలుతో పోల్చకుండానే వడగాడ్పు. సెల్లులో వచ్చే పసుపు, నారింజ, ఎరుపు హెచ్చరికలు దీని లెక్కనే వస్తాయి.

ఆ మెసేజీలు చూసి పక్కన పడెయ్యకండి. నేనైతే వాటితో పాటు మూడు చూసుకుంటా. ఒకటి, కిందటి ఏడు వానలు తప్పి చెరువు ఎండిందా. రెండు, పొద్దున్నే పడమటి గాలి లేచిందా, సాయంత్రం సముద్రపు గాలి ఆగిపోయిందా. మూడు, మేలో తుఫాను పుట్టి మనల్ని తప్పించుకుని అటు పోయిందా. 2023 మేలో మోఖా తుఫాను కూడా అట్లాగే బర్మా వైపు పోయింది. అది పోయిందని వినగానే నేను మా చేలో పని ఆపేశా.

ఇప్పుడు మా చేలో వేసవి పని పొద్దున ఆరింటికి మొదలై పదిన్నరకి ఆగుతుంది. కూలి మాత్రం మాట్లాడుకున్నది మొత్తం ఇస్తా. నష్టం కాదా అంటే నష్టమే. మూడెకరాల వాడికి ఆ నష్టం తెలుస్తుంది. కానీ ఒక బండి ఎరువు మర్నాడు తోలుకోవచ్చు. ఎవరైనా మాట తడబడి, ఒళ్లు కాలుతూ చెమట ఆగిపోతే వెంటనే నీడకి చేర్చండి, ఒంటి మీద నీళ్లు గుమ్మరించి తువ్వాలుతో విసరండి, 108కి ఫోన్ చెయ్యండి. తెలివి లేని మనిషి నోట్లో నీళ్లు పొయ్యకండి.

ఆ రోజు బాబాయి ఇక చాలన్నాడు. ఆయన ఒంటికి తెలిసింది, నా బుర్రకి తెలియలేదు. మీ చేలో ఎవరైనా ఎండలో ఇక చాలంటే ఆపెయ్యండి. ఇంకో బండి అనకండి.